అరంగుళం

హన్మకొండ లైబ్రరీ వెనుక గదిల
నాకు ఒక సూది, మైనం రాసిన దారం,
మైదా లై, చెక్క ప్రెస్సు.
వారానికి పదకొండు పుస్తకాలు కుట్టాలె.

ఈ వారం వచ్చినవి లోక్‌సభ చర్చలు,
యాభై నాలుగు నుంచి యాభై ఆరు దాక.
అట్టలు ఊడి, వీపులు పగిలి,
విప్పుతుంటే పొట్టు రాలినట్టు రాలుతున్నయి.
లోపలి పేజీ మీద వంకాయరంగు ముద్ర:
సభ్యుల బహూకరణ. కందగట్ల ఓదెలయ్య.

కొత్తవాడ మనిషి.
మగ్గం గుంటల నుంచి లేచి
నేరుగ ఢిల్లీ బండెక్కిండంటరు.

నాకు ఇంగ్లీషు కూడుకొని చదువుడే.
ఆఖర్ల పేర్ల పట్టీ ఉంటది,
పెద్దోళ్ల పేర్ల కింద చీమలబారు లెక్క అంకెలు.
ఓదెలయ్య కింద ఆరు.
పని పక్కకు పెట్టి ఆ ఆరూ విప్పిన.

ఒకటి, కాజీపేట జంక్షన్ల మూడో తరగతి నల్లాలు.
నీళ్ల వసతి తృప్తిగనే ఉన్నదని మంత్రి జవాబు.
ఓదెలయ్య మళ్ల లేచిండు:
"మంత్రిగారికి ఏ తరగతిల దూపైంది?"
బ్రాకెట్లల్ల రాసిండ్రు, నవ్వులని.
నల్లా గురించి మాత్రం
సమాచారం సేకరిస్తున్నమని.

నేను రోజు దిగేది కాజీపేటలనే.
నల్లా ఉన్నది.
ఎవరడిగితే పెట్టిండ్రో దాని మీద రాసి లేదు.
ఎండకాలం గాలొస్తది.

ఇంకొకటి నూలు మీద.
ఇరవై నంబరు, నలభై నంబరు, అరవై నంబరు,
ఏ నెల ఎంత పిరమైందో చెప్పుకుంట పోతుంటే
అధ్యక్షుడు ఆపి అడిగిండు,
ఇవి ఏ పద్దు నంబర్లని.
ఇచ్చిందే నాలుగు నిమిషాలు. అందుల ఒకటి ఇట్ల పోయింది.
తర్వాత గంట.

ఒకచోట ఉట్టిగ "వినపడుతలేదు" అన్నడు.
అదీ అచ్చేసిండ్రు.
ఇంకో రెండింట్ల ఏమున్నదో పురుగులకెరుక.

ఆరోది చేనేత పన్ను నాటిది.
ఉర్దూల మొదలువెట్టి, నడిమిట్ల తెగి,
సభ్యుడు కొన్ని మాటలు తెలుగులో అన్నారు
అని ఒక గీత, మూడు చుక్కలు.
రాసెటోనికి అర్థం కాలే. కానిది లేనట్టే.

ఆ చుక్కల పక్కన, మార్జిన్ల,
సన్నటి పెన్సిలు తెలుగు:
పడుగు తెగినంక
ఆపైన కాయితమే లేదు, చిల్లు.

సాయంత్రం అటెండరు సైకిలు అడుక్కొని
కొత్తవాడకు పోయిన.
జంపఖానాలు నేసే వడ్నాల సాంబయ్యనడిగిన,
ఆ మాటకు తర్వాత ఏముంటదని.
"పడుగు తెగినంక పేకకు పనేముంది" అన్నడు.
ఆయన కొడుకు తలెత్తకుండ,
"ముడేస్తం. ఇంకేం జేస్తం?"
కండెలు చుట్టే రాజవ్వ
పళ్లులేని నోటితోని నవ్వింది.
"ఓదెలు చెప్పెటోడు కాదు బిడ్డా,
అడిగెటోడు."

జమ్మికుంట దాక బండిల అదే లొల్లి నా లోపల.
పడుగు తెగినంక ఎవలది తప్పు?
పడుగు తెగినంక ఎన్ని పూటలు పస్తు?
ఏదీ ఆ పెన్సిలు రాతకు అతకలే.

తెల్లారి కటింగు.
కుట్టినంక మూడు దిక్కుల అరంగుళం కోయాలె,
అది నియమం.
ఆ రెండు మాటలున్నది ఆ అరంగుళంలనే.
కత్తి కింద పెట్టి, పిడి పట్టుకొని
చానసేపు నిలబడ్డ.
తీసిన.

ఇప్పుడు అరల పది పుస్తకాలు ఒక్క వరుస.
అదొక్కటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటది,
గంట మోగినా కూసోని మనిషి లెక్క.

ఇన్‌స్పెక్షన్ సారు రిజిస్టర్ల రాసిండు:
బైండింగు సమానంగా లేదు.
కింద సంతకం పెట్టమన్నడు.
పెట్టిన.